ఫీల్డ్ మార్షల్ ఆకిన్‌లెక్ : ఎడారి యుద్ధం, మన మద్రాసీలు

– సుబేదార్ (రిటైర్డ్), మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, భుయ్యాడీహ్, జంషెడ్‌పూర్

మన సంచికలో ప్రతి ఏడాదీ ఎవరో ఒక వీరుడి గురించి వ్యాసం ఉంటుంది. పరమవీర చక్ర గ్రహీతల గురించి, 1962 గురించి, 1971 గురించి, కార్గిల్ గురించి మనవాళ్ళు చాలా బాగా రాశారు. ఈసారి నేను ఒక ఇంగ్లీషు దొర గురించి రాస్తున్నాను. తెల్లవాడి కథ మనకెందుకు అని కొందరు అనుకోవచ్చు. రెండు కారణాలున్నాయి, చెబుతాను.

మొదటిది. నేను బెంగుళూరులో రంగరూటుగా చేరిన రోజు నుంచి పెన్షన్ వచ్చేదాకా, వేరే రెజిమెంట్ల వాళ్ళతో కలిసి ఉన్నప్పుడల్లా ఒక మాట వింటూ వచ్చాను. సౌత్ వాళ్ళు చదువుకి, గుమస్తా పనికి, మెషీన్ల పనికి బాగుంటారు గానీ ముందుండి కొట్లాడే జాతి కాదు అని. కోపంతో అనరు. లంగర్‌లో పక్కన కూర్చుని, అదే పప్పు తింటూ, నవ్వుతూనే అంటారు. ఆ మాట ఎక్కడ పుట్టింది, దాన్ని సర్కారు కాగితాల మీద నుంచి కొట్టివేయించడానికి పట్టుబట్టిన పెద్ద ఆఫీసరు ఎవరు అని వెతికితే, ఫీల్డ్ మార్షల్ సర్ క్లాడ్ ఆకిన్‌లెక్ పేరు తగులుతుంది. ఆర్మీలో ఆయన్ని ముద్దుగా ఆక్ అనేవారు.

రెండో కారణం మన ఊరు. భుయ్యాడీహ్‌లో మా ఇంటికి ఒకవైపు ఉక్కు ప్లాంటు, ఇంకోవైపు సువర్ణరేఖ నది. మా నాన్నగారి తరం వాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఆ ప్లాంటులో చెమటోడ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ఊరి పేరునే ఒక యుద్ధవాహనానికి పెట్టారని ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. సర్కారు రికార్డులో దాని పేరు ఆర్మర్డ్ కారియర్, వీల్డ్, ఇండియన్ పాటర్న్. జవాన్ల నోట్లో మాత్రం అది టాటానగర్. చాసిస్ కెనడా నుంచి ఓడలో వచ్చేది. కవచానికి కావలసిన ఉక్కు ప్లేట్లు ఇక్కడి టాటా వారి ప్లాంటులో తయారయ్యేవి. బాడీ కట్టింది ఈస్ట్ ఇండియన్ రైల్వే వాళ్ళ వర్క్‌షాపులో. ఇక్కడి రైల్వే షాపులు తీసుకునే 1945లో టెల్కో మొదలైంది. 1940 నుంచి 1944 దాకా ఇలాంటివి 4,600కు పైగా తయారయ్యాయి. ఒక బ్రెన్ గన్, ఒక బాయ్స్ యాంటీ ట్యాంక్ రైఫిల్, ముగ్గురో నలుగురో మనుషులు. ట్యాంకుకి ఎదురు నిలిచే బండి కాదది, శత్రువు ఎక్కడున్నాడో చూసి వచ్చే బండి. నార్త్ ఆఫ్రికా ఎడారిలో, తర్వాత ఇటలీలో, బర్మాలో మన ఇండియన్ దళాలు వాటిని నడిపాయి.

ఇక ఆయన కథలోకి వస్తాను.

క్లాడ్ జాన్ ఐర్ ఆకిన్‌లెక్ 1884 జూన్ 21న ఇంగ్లాండులోని ఆల్డర్‌షాట్ కంటోన్మెంటులో పుట్టారు. తండ్రి తోపుల దళంలో కర్నలు. ఈయనకి 8 ఏళ్ళప్పుడే తండ్రి పోయారు. తల్లి చాలీచాలని పెన్షన్‌తో పిల్లల్ని పెంచింది. స్కాలర్‌షిప్ మీద వెల్లింగ్టన్ కాలేజీలో చదివి, శాండ్‌హర్స్ట్‌లో ట్రైనింగ్ పూర్తిచేసి, 1903లో ఇండియన్ ఆర్మీకి కమిషన్ తీసుకున్నారు. బ్రిటిష్ రెజిమెంట్‌లో ఆఫీసరుగా ఉండాలంటే ఆ రోజుల్లో జీతం చాలదు, ఇంటి నుంచి డబ్బు రావాలి. డబ్బులేని ఇళ్ళ పిల్లలు ఇండియన్ ఆర్మీ కోరుకునేవారు. అలా 1904లో 62వ పంజాబీస్ పల్టన్‌లో చేరారు.

ఈ 62వ పంజాబీస్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. పేరు పంజాబీ గానీ పుట్టుక మనది. 1759లో ఈస్ట్ ఇండియా కంపెనీ వాళ్ళు కోస్తాలో సిపాయిల పటాలాలు లేపినప్పుడు మూడో బెటాలియన్‌గా మొదలైంది. తర్వాత సెకండ్ మద్రాస్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ అయింది. తెలుగువాళ్ళు, తమిళులు, దక్షిణాది ముస్లింలు నిండిన మద్రాసు సైన్యంలో ఒక పాత పల్టన్ అది. 19వ శతాబ్దం చివరికి వచ్చేసరికి దొరలకి ఒక సిద్ధాంతం పట్టుకుంది. కొన్ని జాతులే యుద్ధజాతులు, మిగిలినవి కావు అని. మద్రాసీలు కావు అన్నారు. కర్ణాటక యుద్ధాల నుంచి మైసూరు యుద్ధాల దాకా ఆ మద్రాసు సిపాయిల భుజాల మీదే కంపెనీ రాజ్యం లేచిందన్న సంగతి మరిచిపోయారు. 1902-03 ప్రాంతంలో ఆ పల్టన్‌లో మనవాళ్ళని తీసేసి పంజాబీలతో నింపి పేరు మార్చారు. అదిగో, సరిగ్గా ఆ వెంటనే ఈ కుర్ర లెఫ్టినెంట్ అందులో అడుగుపెట్టాడు. ఏ సిద్ధాంతం వల్ల మనవాళ్ళు ఆ పల్టన్‌లోంచి పోయారో, ఆ సిద్ధాంతానికి 40 ఏళ్ళ తర్వాత గండి కొట్టినవాళ్ళలో ఈయన ముఖ్యుడు కావడం నాకు చాలా వింతగా అనిపిస్తుంది.

ఆయన పంజాబీ బాగా నేర్చుకున్నారు. జవాన్లతో వాళ్ళ భాషలోనే మాట్లాడేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 ఫిబ్రవరిలో టర్కీ సైన్యం సూయజ్ కాలువ మీదికి వస్తే ఆపిన వాళ్ళలో 62వ పంజాబీస్ ఉంది. ఆ తర్వాత మెసొపొటేమియా. 1916 జనవరిలో హన్నా దగ్గర బురదలో, చలివానలో, ఎదురుగా మెషిన్ గన్లు ఉండగా అటాక్ చేయించారు. పల్టన్ సగానికి పైగా తుడిచిపెట్టుకు పోయింది. ఆఫీసర్లలో మిగిలిన కొద్దిమందిలో ఈయన ఒకరు. గాయపడ్డ జవాన్లకి సరైన ఆస్పత్రి లేదు, దుప్పట్లు లేవు. సామాను సిద్ధం కాకుండా, పైవాళ్ళ తొందర కోసం మనుషుల్ని ముందుకి తోస్తే ఏమవుతుందో అక్కడ కళ్ళారా చూశారు. ఎడారిలో చర్చిల్ ఎంత తొందరపెట్టినా ఈయన కదలకపోవడానికి ఆ హన్నా అనుభవమే అసలు కారణమని నా అభిప్రాయం.

మధ్యకాలం త్వరగా చెప్పేస్తాను. 1917లో డి.ఎస్.ఓ. వచ్చింది. 1929-30లో తన పల్టన్‌నే కమాండ్ చేశారు, అప్పటికి దాని పేరు ఫస్ట్ బెటాలియన్, ఫస్ట్ పంజాబ్ రెజిమెంట్. తర్వాత క్వెట్టా స్టాఫ్ కాలేజీలో ఇన్‌స్ట్రక్టరు, 1933 నుంచి పెషావర్ బ్రిగేడ్ కమాండరు, 1935లో మొహ్మంద్ ఆపరేషన్. 1938లో ఇండియన్ ఆర్మీని మోడర్న్ చెయ్యడానికి వేసిన కమిటీ ఆయన చేతిమీదుగానే నడిచింది. 1940లో నార్వేలో నార్విక్ దగ్గరికి పంపారు, అక్కడ ఫలితం దక్కలేదు. 1941 జనవరిలో ఇండియాకి కమాండర్-ఇన్-చీఫ్ అయ్యారు.

ఆ మొదటి దఫా అయిదు నెలలే. అంతలోనే రెండు పనులు చేశారు. ఇరాక్‌లో రషీద్ అలీ తిరగబడితే ఆలస్యం చెయ్యకుండా బస్రాకి ఇండియన్ దళాల్ని పంపారు. దాంతో లండన్‌లో చర్చిల్‌కి ఈయన నచ్చారు. రెండోది మనకి సంబంధించింది. యుద్ధం పెరుగుతోంది, సైన్యం పెంచాలంటే పంజాబు ఒక్కటే ఎక్కడ సరిపోతుంది, అన్ని ప్రాంతాల వాళ్ళనీ తీసుకోవాలి, అందులో మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్ళని కూడా ఇన్‌ఫాంట్రీలోకి తీసుకోవాలి అని గట్టిగా పట్టుపట్టారు. ఖాళీలు నింపడానికి మాత్రమే కాదు, వాళ్ళూ సైనికులే, వాళ్ళకీ ఆ హక్కు ఉంది అన్నది ఆయన వాదం. 1920ల చివర, 1930ల మొదట్లో మూసేసిన మద్రాస్ రెజిమెంటు 1941-42లో మళ్ళీ లేచింది. ఈరోజు వెల్లింగ్టన్‌లో కసం పరేడ్ చేసే తెలుగు కుర్రవాడికి ఆ తలుపు అప్పుడే తెరుచుకుంది.

1941 జూన్ మధ్యలో నార్త్ ఆఫ్రికాలో జనరల్ వేవెల్ చేసిన బాటిల్ యాక్స్ దాడి మూడు రోజుల్లో విఫలమైంది. చర్చిల్ ఇద్దరినీ అటూ ఇటూ మార్చారు. వేవెల్ ఇండియాకి, ఆకిన్‌లెక్ కైరోకి. జులై మొదటివారంలో ఆయన మిడిల్ ఈస్ట్ కమాండర్-ఇన్-చీఫ్‌గా చార్జి తీసుకున్నారు. జవాన్లకి కుటుంబాన్ని తెచ్చుకునే వీలు లేనప్పుడు తాను మాత్రం ఎందుకు తెచ్చుకోవాలని భార్యని ఢిల్లీలోనే ఉంచేశారు.

అప్పటి పరిస్థితి ఇది. జర్మన్ జనరల్ రోమెల్ ఏప్రిల్‌లో లిబియా అంతా ఊడ్చుకుంటూ ఈజిప్టు బోర్డరు దాకా వచ్చేశాడు. మధ్యలో టోబ్రుక్ రేవు మాత్రం మనవైపు చేతిలోనే ఉండి ముట్టడిలో చిక్కుకుంది. లోపల ఆస్ట్రేలియన్లు, వాళ్ళ తర్వాత బ్రిటిష్ 70వ డివిజన్, పోలండు బ్రిగేడ్ ఉన్నాయి. మన 18వ కావల్రీ కూడా ఆ ముట్టడిలో ఉందని చాలామందికి తెలియదు. గుర్రాలు పోయి బండ్లొచ్చిన రెజిమెంట్ అది.

టోబ్రుక్‌ని విడిపించు, వెంటనే అటాక్ చెయ్యి అని లండన్ నుంచి రోజూ తంతి. ఆకిన్‌లెక్ నవంబరు దాకా ఆగారు. ఈ నాలుగు నెలలూ ఏం చేశారన్నది మన సర్వీసెస్ వాళ్ళకి, ముఖ్యంగా సప్లై, ఇంజనీర్స్, ఈ.ఎం.ఈ. వాళ్ళకి బాగా అర్థమవుతుంది. కొత్త ట్యాంకులు ఓడలో వచ్చాయి గానీ ఇసుకకి తట్టుకోవు, ఒక్కొక్కటీ విప్పి బాగుచెయ్యాలి. మెర్సా మత్రూహ్ దగ్గర ఆగిపోయిన రైల్వే లైన్‌ని పడమటికి మిషైఫా దాకా పొడిగించారు. నీళ్ళ పైపులైన్ వేశారు. ముందుగా పెట్రోలు, రేషన్, గుళ్ళు డంపులుగా పెట్టారు. బ్రిటిష్ వాళ్ళ నాలుగు గ్యాలన్ల పెట్రోలు డబ్బా పల్చటి రేకుది. బండిలో కుదుపుకి చీలిపోయి దారిలోనే కారిపోయేది. జర్మన్ల దగ్గర గట్టి జెర్రీక్యాన్ ఉండేది, మనం ఇప్పటికీ వాడే జెర్రీక్యాన్ అదే. యుద్ధం గురించిన సినిమాల్లో ఇవేవీ చూపించరు.

సెప్టెంబరులో ఎనిమిదవ ఆర్మీ ఏర్పడింది. ఆకిన్‌లెక్ దానికి జనరల్ కన్నింగ్‌హామ్‌ని కమాండర్‌గా పెట్టారు. ఆ ఆర్మీలో మన ఫోర్త్ ఇండియన్ డివిజన్ ఉంది, జనరల్ మెసర్వీ కింద. భుజం మీద ఎర్ర గద్ద గుర్తు. ఈనాటికీ మన 4వ డివిజన్‌ది అదే గుర్తు. ఆ డివిజన్‌తో మద్రాస్ శాపర్స్ వాళ్ళ 12వ ఫీల్డ్ కంపెనీ, 11వ ఫీల్డ్ పార్క్ కంపెనీ ఉన్నాయి. మా గ్రూపు వాళ్ళం తంబీలం. తమిళం, తెలుగు, మలయాళం, కన్నడం అన్నీ ఒకే బారక్‌లో. యుద్ధజాతి కాదని ఇన్‌ఫాంట్రీలోంచి తీసేసినా శాపర్స్‌లో మాత్రం మనవాళ్ళని వదులుకోలేకపోయారు. ఎందుకంటే పని కావాలి కదా.

దాడి పేరు ఆపరేషన్ క్రూసేడర్. 1941 నవంబరు 18 తెల్లవారుజామున మొదలైంది. ముందు రాత్రి ఎడారిలో కుండపోత వర్షం. జర్మన్ల విమానాల మైదానాలన్నీ నీళ్ళలో మునిగాయి. అందువల్ల మనవైపు కదలికని వాళ్ళు పైనుంచి చూడలేకపోయారు. ఆకిన్‌లెక్ ప్లాన్ ప్రకారం 30వ కోర్ ట్యాంకులతో దక్షిణం నుంచి చుట్టి రోమెల్ ట్యాంకుల్ని పట్టుకోవాలి. 13వ కోర్, అంటే న్యూజీలాండ్ డివిజన్, మన ఫోర్త్ ఇండియన్, బోర్డరు కోటల్ని బిగించి పట్టాలి. లోపలి నుంచి టోబ్రుక్ దళం బయటికి దూకాలి.

మనవైపు ట్యాంకులు జర్మన్లు, ఇటాలియన్ల ట్యాంకులకి రెట్టింపుకు దగ్గరగా ఉన్నాయి. అయినా వాటిని అక్కడో బ్రిగేడ్, ఇక్కడో బ్రిగేడ్‌గా చీల్చి పంపారు. రోమెల్ తన ట్యాంకుల్ని ఒక్క చోట కూడగట్టి, వాటి వెనక 88 ఎం.ఎం. తోపులు పెట్టి ఒక్కో బ్రిగేడ్‌ని ఒక్కోసారి కొట్టాడు. సిడి రెజెగ్ ఏరోడ్రోమ్ దగ్గర అయిదు రోజులు ఘోర యుద్ధం. నవంబరు 23న సౌతాఫ్రికా 5వ బ్రిగేడ్ దాదాపు పూర్తిగా నాశనమైంది. రాత్రయితే జర్మన్లు గ్రౌండ్ మీదే ఉండి చెడిపోయిన ట్యాంకుల్ని లాక్కెళ్ళి రిపేరు చేసుకునేవాళ్ళు. మనవైపు ట్యాంకులు రాత్రికి దూరంగా వెళ్ళి లీగర్ వేసేవి, పొద్దున్న వస్తే నిన్నటి బండి శత్రువు చేతిలో ఉండేది. రికవరీ అనేది ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

అదే సమయంలో బోర్డరు దగ్గర మన 7వ ఇండియన్ బ్రిగేడ్ ఒమర్ కోటల మీద పడింది. నవంబరు 22న ఒమర్ నువోవో, దాని తర్వాత లిబియన్ ఒమర్. చుట్టూ మైన్లు. సాయంగా వచ్చిన ట్యాంకులు ఎన్నో మైన్ల మీద ఎక్కి ఆగిపోయాయి, ఆగినవాటిని 88 తోపులు కాల్చాయి. 4/16 పంజాబ్ వాళ్ళు లిబియన్ ఒమర్‌లో గుంట గుంటకీ దిగి పోరాడారు. ఇలాంటి చోట శాపర్ పని ఏమిటో బయటివాళ్ళకి తెలియదు. బోర్లా పడుకుని, బయోనెట్ మొనని ఇసుకలోకి ఏటవాలుగా మెల్లగా దింపుతూ, గట్టిగా తగిలితే ఆగి, చేత్తో ఇసుక తీసి మైన్‌ని లేపాలి. పైన గోళీల వాన. వెనక ఇన్‌ఫాంట్రీ దారి కోసం చూస్తూ ఉంటుంది. తెల్ల టేపు వేస్తూ ముందుకి పోవాలి. నేను నా సర్వీసులో మైన్లు ఎత్తినవాణ్ణే. ఎవరూ కాల్చకుండా ఉన్నప్పుడే ఆ పనిలో చెమటతో కళ్ళు మూసుకుపోతాయి. 11వ ఫీల్డ్ పార్క్ కంపెనీకి చెందిన సుబేదార్ సుబ్రహ్మణ్యన్ గారే 1944లో ఇటలీలో పేలబోతున్న మైన్ మీద తన శరీరాన్ని వేసి తోటివాళ్ళని కాపాడి, జార్జ్ క్రాస్ పొందారు. మనలాంటి జె.సి.ఓ. ఆయన.

ఇప్పుడు ఆకిన్‌లెక్ జీవితంలో అన్నిటికంటే పెద్ద రోజుకి వచ్చాం. నవంబరు 23. ట్యాంకులు చాలా పోయాయి. ఎనిమిదవ ఆర్మీ కమాండర్ కన్నింగ్‌హామ్ మనసు జారిపోయింది. దాడి ఆపేసి ఈజిప్టులోకి వెనక్కి తగ్గితే మంచిదేమో అని అడిగారు. ఆకిన్‌లెక్ కైరో నుంచి విమానంలో బోర్డరు దగ్గర మద్దలేనాలోని ఆర్మీ హెడ్‌క్వార్టర్స్‌కి వచ్చారు. లెక్కలన్నీ చూశారు. తన దగ్గర నష్టం ఇంత ఉంటే రోమెల్ దగ్గర కూడా అంతే ఉంటుంది, ఆయనకి వెనక నుంచి వచ్చే సామాను ఇంకా తక్కువ, కాబట్టి ఒక్క అడుగు కూడా వెనక్కి లేదు, ఆఖరి ట్యాంకు దాకా కొట్టండి అని ఆర్డర్ రాసి ఇచ్చారు.

మర్నాడే రోమెల్ ఒక సాహసం చేశాడు. టోబ్రుక్ వదిలి, ఆఫ్రికా కోర్ మొత్తం తీసుకుని బోర్డరు ముళ్ళకంచె వైపు దూసుకొచ్చాడు. వెనక ఉన్న లారీలు, హెడ్‌క్వార్టర్లు చెల్లాచెదురై పరుగు. ఎవరు ఎవరి వెనక పోతున్నారో తెలియని గందరగోళం. అలాంటప్పుడు పై కమాండర్ గుండె జారితే సైన్యం మొత్తం జారుతుంది. ఆకిన్‌లెక్ కదలలేదు. నవంబరు 25న జర్మన్ ట్యాంకులు ఒమర్ దగ్గర మన ఫోర్త్ ఇండియన్ మీదికి వచ్చాయి. డివిజన్‌తో ఉన్న ఫస్ట్ ఫీల్డ్ రెజిమెంట్ 25 పౌండర్ గన్లతో, దగ్గరికి వచ్చేదాకా ఆగి, నేరుగా గురిపెట్టి కాల్చింది. ట్యాంకులు కాలుతూ ఆగిపోయాయి. గన్లు పోయాయి, గన్నర్లు పోయారు, పొజిషన్ మాత్రం పోలేదు. రోమెల్ వెతికిన పెద్ద సప్లై డంపులు అతనికి దొరకలేదు, పక్క నుంచే వెళ్ళిపోయాడు.

నవంబరు 26న ఆకిన్‌లెక్ కన్నింగ్‌హామ్‌ని కమాండ్ నుంచి తీసి, జనరల్ రిచీని పెట్టారు. యుద్ధం మధ్యలో ఆర్మీ కమాండర్‌ని మార్చడం చిన్న విషయం కాదు. కన్నింగ్‌హామ్ చెడ్డ ఆఫీసరు కాడు, ఇథియోపియాలో గెలిచి వచ్చినవాడు. ఆకిన్‌లెక్‌కి ఇది చాలా బాధ కలిగించింది, కానీ చేశారు. ఆ రాత్రికే న్యూజీలాండ్ వాళ్ళు టోబ్రుక్ నుంచి వచ్చిన వాళ్ళతో కలిశారు. ఆ దారి మధ్యలో మళ్ళీ తెగింది. మన 29వ ఇండియన్ బ్రిగేడ్ అప్పటికే దూరంగా దక్షిణాన జాలో ఒయాసిస్‌ని పట్టుకుంది. డిసెంబరు మొదట్లో మన 11వ బ్రిగేడ్ బీర్ ఎల్ గుబీ దగ్గర దెబ్బలు తింటూ కొట్టింది. ఆఖరికి డిసెంబరు 7 ప్రాంతంలో రోమెల్ టోబ్రుక్ ముట్టడి వదిలేసి గజాలాకి తగ్గాడు. ఎనిమిది నెలల ముట్టడి తీరింది. డిసెంబరు 15న 5వ బ్రిగేడ్‌లోని బఫ్స్ బెటాలియన్‌ని పాయింట్ 204 దగ్గర జర్మన్ ట్యాంకులు తొక్కేశాయి. అయినా రోమెల్ నిలవలేదు. డిసెంబరు 24న బెంఘాజీ మనవాళ్ళ చేతికి వచ్చింది. జనవరి 2న బార్డియా, జనవరి 17న హల్ఫాయా కనుమలో మిగిలిన శత్రు దళాలు లొంగిపోయాయి.

లెక్క చూస్తే మనవైపు సుమారు 18 వేలమంది చనిపోవడమో, గాయపడటమో, కనబడకపోవడమో జరిగింది. ఎదుటివైపు సుమారు 38 వేలు, అందులో ఖైదీలే ఎక్కువ. ఆ యుద్ధంలో బ్రిటిష్ కమాండ్ కింద ఉన్న సైన్యం జర్మన్లని నేలమీద ఓడించిన మొదటి పెద్ద గెలుపు ఇదే. అల్ అలమైన్ పేరు అందరికీ తెలుసు, క్రూసేడర్ పేరు మన ఆఫీసర్ల మెస్‌లో అడిగినా కొద్దిమందే చెబుతారు.

గెలుపు నిలవకపోవడం దానికి ఒక కారణం. డిసెంబరులో జపాన్ యుద్ధంలోకి దూకింది. ఎడారికి రావాల్సిన విమానాలు, డివిజన్లు తూర్పుకి మళ్ళాయి. 1942 జనవరి 21న రోమెల్ మళ్ళీ తిరగబడ్డాడు. బెంఘాజీలో చిక్కుకున్న మన 7వ బ్రిగేడ్ శత్రువు మధ్యలోంచి దక్షిణాన ఎడారిలోకి దూరి తప్పించుకుని వచ్చింది. మే 27న గజాలా యుద్ధంలో థర్డ్ ఇండియన్ మోటర్ బ్రిగేడ్ ట్యాంకుల కింద నలిగింది. తర్వాత మన ఆర్మీ చీఫ్ అయిన జనరల్ కుమారమంగళం గారు అప్పుడు దానితో ఉన్న సెకండ్ ఫీల్డ్ రెజిమెంట్‌లో ఉండి, డి.ఎస్.ఓ. సంపాదించి, ఖైదీగా దొరికారు. పాకిస్తాన్ కమాండర్-ఇన్-చీఫ్ అయిన యాహ్యాఖాన్ కూడా ఆ ఏడాది ఇటలీలో ఖైదీయే. విధి అంటే అదీ. జూన్ 21న టోబ్రుక్ పడిపోయింది, సుమారు 33 వేలమంది ఖైదీలు, అందులో మన 11వ బ్రిగేడ్ కూడా. రిచీని ఎన్నుకున్నది, అవసరమైన దానికంటే ఎక్కువ రోజులు ఉంచింది ఆకిన్‌లెక్కే. మనుషుల్ని ఎంచుకోవడంలో ఆయన చెయ్యి మంచిది కాదని చరిత్ర రాసినవాళ్ళు చాలామంది అంటారు, నాకూ అది నిజమే అనిపిస్తుంది.

జూన్ 25న ఆయనే ఎనిమిదవ ఆర్మీని స్వయంగా చేతిలోకి తీసుకున్నారు. సైన్యం వెనక్కి పరుగెడుతోంది, కైరోలో ఆఫీసు కాగితాలు తగలబెడుతున్నారు. అలమైన్ దగ్గర నిలబడ్డారు. నేలమీదే పడుకునేవారు, జవాన్ తినేదే తినేవారు. జులై 1న ఇరాక్ నుంచి అప్పుడే వచ్చిన 18వ ఇండియన్ బ్రిగేడ్ డేర్ ఎల్ షైన్ దగ్గర సరిగ్గా మైన్లు కూడా వేసుకునే టైము లేకుండా రోమెల్‌కి ఎదురు పడింది. సాయంత్రానికి బ్రిగేడ్ లేదు. కానీ ఆ ఒక్కరోజు ఆలస్యం వల్లే వెనక లైను గట్టిపడింది. రువైసాత్ దిబ్బ మీద మన ఫిఫ్త్ ఇండియన్ డివిజన్ నెలంతా కొట్లాడింది. జులై చివరికి రోమెల్ ఆగిపోయాడు. ఆ నెలలో మనవైపు నష్టం 13 వేలకు పైగా.

ఆగస్టు మొదట్లో చర్చిల్ కైరో వచ్చారు. మళ్ళీ వెంటనే అటాక్ చెయ్యమన్నారు. ఆకిన్‌లెక్ సెప్టెంబరు దాకా కుదరదన్నారు. ఉద్యోగం పోయింది. ఆగస్టులో అలెగ్జాండర్, మాంట్‌గోమరీ వచ్చారు. వాళ్ళు అటాక్ చేసింది అక్టోబరు 23న. ఆకిన్‌లెక్ అడిగిన దానికంటే ఎక్కువ టైము తీసుకున్నారన్నమాట. పేరు మాత్రం వాళ్ళకి దక్కింది. ఇరాన్, ఇరాక్ కమాండ్ ఇస్తామంటే ఈయన వద్దన్నారు. దాదాపు సంవత్సరం ఖాళీగా ఇండియాలో ఉండిపోయారు. ఎక్కడా నోరు విప్పి సంజాయిషీ చెప్పుకోలేదు, తర్వాత ఆత్మకథ కూడా రాయలేదు.

1943 జూన్‌లో మళ్ళీ ఇండియా కమాండర్-ఇన్-చీఫ్. మొదటి దఫాలో మొదలుపెట్టింది ఈసారి పూర్తిచేశారు. 1939లో రెండు లక్షలున్న సైన్యం 1945కి 25 లక్షలయింది, అందరూ స్వచ్ఛందంగా చేరినవాళ్ళే. అందులో మన గోదావరి, కృష్ణా, విశాఖ, రాయలసీమ కుర్రవాళ్ళు కూడా ఉన్నారు. బర్మాలో మద్రాస్ రెజిమెంట్ బెటాలియన్లు జపాన్ వాళ్ళతో తలపడ్డాయి. ఒకే పని చేసే ఇండియన్ ఆఫీసరుకి, బ్రిటిష్ ఆఫీసరుకి జీతంలో గానీ హోదాలో గానీ తేడా ఉండకూడదని లండన్‌తో పోట్లాడారు. 1945లో తిమ్మయ్య గారు బర్మాలో బ్రిగేడ్ కమాండ్ చేశారంటే ఆ మార్పు వల్లే. స్లిమ్ దొర గెలిచిన బర్మా యుద్ధానికి రంగరూటు, రేషన్, రోడ్డు అన్నీ ఈయన వెనక నుంచి పంపినవే.

ఆజాద్ హింద్ ఫౌజ్ కేసు ఆయన్ని పెద్ద ఇరకాటంలో పెట్టింది. ఎర్రకోటలో షా నవాజ్, సెహగల్, ధిల్లాన్‌లకి యావజ్జీవ శిక్ష పడితే, 1946 జనవరి 3న దాన్ని ఆయన రద్దు చేశారు. బ్రిటిష్ ఆఫీసర్లు చాలామంది మండిపడ్డారు. దేశం మీద అభిమానం ఉన్న ఇండియన్ జవాన్ మనసు వాళ్ళకంటే ఈయనకి బాగా తెలుసు. అదే ఏడాది జూన్‌లో ఫీల్డ్ మార్షల్ అయ్యారు. అదే ఏడాది ఆయన సంసారం కూడా విడిపోయింది. దాని గురించి ఎక్కువ రాయడం మర్యాద కాదు.

1947లో సైన్యాన్ని రెండు ముక్కలు చెయ్యాల్సి వచ్చింది. ఆయన 40 ఏళ్ళు పెంచిన ఇల్లు అది. చెయ్యకూడదని చివరిదాకా అన్నారు, తప్పనిసరయ్యాక తనే చేశారు. ఆగస్టు 15 నుంచి సుప్రీం కమాండర్ అనే పేరుతో పంపకం పని చూశారు. అక్టోబరు 28న లాహోర్ వెళ్ళి, కాశ్మీర్‌లోకి పాకిస్తాన్ రెగ్యులర్ సైన్యాన్ని దింపితే రెండువైపులా ఉన్న బ్రిటిష్ ఆఫీసర్లందరినీ తీసేస్తానని జిన్నాకి చెప్పారు. ఆ ఆర్డరు అప్పటికి ఆగింది. ఇక్కడ మన నాయకులు మాత్రం ఆయన పాకిస్తాన్ పక్షమని అనుమానించారు. నవంబరు చివరికి ఆయన ఆఫీసు మూసేశారు. డిసెంబరు 1న ఇండియా వదిలి వెళ్ళిపోయారు. లార్డు బిరుదు ఇస్తామంటే తీసుకోలేదు. సైన్యం చీలిక మీద వచ్చిన గౌరవం తనకి అక్కర్లేదనుకున్నారు. 1759లో మన కోస్తాలో పుట్టి, మద్రాసు పల్టన్‌గా పెరిగి, పంజాబీ అయిన ఆయన సొంత బెటాలియన్ పంపకంలో పాకిస్తాన్‌కి పోయింది. ఇప్పుడు వాళ్ళ పంజాబ్ రెజిమెంట్‌లో మొదటి బెటాలియన్ అదే.

తర్వాత కొన్నాళ్ళు ఇంగ్లాండులో ఉన్నారు. 1968లో మొరాకోలోని మర్రకేష్‌కి వెళ్ళి ఒక మామూలు ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండేవారు. నీటిరంగుల బొమ్మలు వేసుకునేవారు, బజారుకి నడిచి వెళ్ళేవారు. ఎడారి దగ్గర్లోనే. 1981 మార్చి 23న, 96 ఏళ్ళ వయసులో అక్కడే పోయారు. కాసాబ్లాంకాలో బెన్ మ్సిక్ శ్మశానంలో, యుద్ధంలో పోయినవాళ్ళ వరసలో ఆయన్ని పెట్టారు. పక్క సమాధి రేమండ్ స్టీడ్ అనే కుర్రవాడిది. 1943లో చనిపోయిన ఒక ఓడ వంటగదిలో పనివాడు, వయసు 14 ఏళ్ళు.